ఎడ్ల జీపు

ఒకప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా నన్ను పిలవకుండా ఎవరూ పాత జీపు కొనేవారు కాదు. నేను బానెట్టు ఎత్తనక్కర్లేదు, కిందికి వంగనక్కర్లేదు. దూరంగా చుట్ట కాల్చుకుంటూ నిలబడి, ఇంజను ఒక్కసారి తుమ్మితే చాలు, దాని రోగమేమిటో, అంతకుముందు తోలినవాడి బుద్ధి ఎలాంటిదో చెప్పేసేవాణ్ణి. అమ్మేవాళ్లు నన్ను చూడగానే తువ్వాలుతో మొహం తుడుచుకునేవారు. ఒకాయనైతే నేను గేటు దాటి లోపలికి అడుగుపెట్టకముందే, "ఇది అమ్మకానికి కాదు బాబూ" అని జీపుకి గోనెపట్టాలు కప్పేశాడు.

ఈ విద్య నాకు ఎవరూ పిలిచి నేర్పలేదు. ఒక మనిషి మీద కసితో నేర్చుకున్నాను. ఆ మనిషి నా భార్యకి అన్నయ్య, నాకు స్వయానా బావ.

బావది గజపతినగరం. వరిపొలం ఉంది, నువ్వుచేను ఉంది, అవి చాలనట్టు జీపుల వ్యాపారం కూడా ఉండేది. యుద్ధం నాటి మిలటరీ జీపుల్ని వేలంలో పాడుకుని తెచ్చేవాడు. తెచ్చినప్పుడు వాటిని చూస్తే కుక్క కూడా నీడకి కింద పడుకోదు. నెల తిరిగేసరికి వాటికి రంగేసి, గుడ్డ టాపు కుట్టించి, సీట్లకి పువ్వుల రెక్సిను తొడిగి పెళ్లికూతుళ్లని చేసేవాడు.

మాది కోటబొమ్మాళి దగ్గర. అరవయ్యో దశకం చివర్లో మా చేలకీ రైలుస్టేషనుకీ మధ్య ఒక గెడ్డ అడ్డంగా పారేది. నీళ్లు మోకాలికి మించవు, ఇసక మాత్రం బండిచక్రాన్ని పట్టుకుంటే వదలదు. మా వంకాయలూ బీరకాయలూ ఆ గెడ్డ దాటి స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయేది. ఇసకలో నడిచే బండి కావాలని నేను కలవరిస్తూ ఉంటే, బావ కబురు పంపాడు: "నీకోసమే ఒకటి దాసి ఉంచినాను, బేగి రా."

వెళ్లాను. వెళ్లేసరికి జీపు వాకిట్లో ముస్తాబై నిలబడి ఉంది. బంపరుకి బంతిపూల దండ. బానెట్టు మీద అరచేతి మందాన పసుపు, దాని నడుమ కుంకుమ. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. మా అత్తగారు హారతి పళ్లెం పట్టుకుని నా కోసమే చూస్తోంది. నేను చేతిసంచి కింద పెట్టేలోపే బావ కొబ్బరికాయ కొట్టేశాడు. ఆ నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి.

మా వైపు ఇదొక కట్టుబాటు. ఎద్దుకైనా నాగలికైనా బండికైనా పసుపు పూసి కాయ కొట్టామంటే అది కొన్నవాడి ఇంటిదైపోయినట్టే. ఆ తరవాత పళ్లు చూస్తాను, గిట్టలు చూస్తాను అంటే లక్ష్మిని గుమ్మంలోంచి వెనక్కి పంపినట్టు. పసుపు తుడిచి కింద ఏముందో చూడడమైతే ఎవరికీ కలలో కూడా రాని పని. మామూలుగా ఆ కాయ బేరం అయ్యాక కొడతారు. మా బావ బేరానికి ముందు కొట్టాడు. ఆయన తెలివంతా ఆ వరస మార్చడంలోనే ఉంది.

అయినా నేను ఊరుకోలేదు. "ఓసారి కిందకి వంగి చూస్తాను బావా" అన్నాను.

"ఓరి నాయనో! కాయ కొట్టీసినాక ఇంకేటి సూడ్డం? పెళ్లిపీటల మీద కూకున్న పిల్లకి పళ్లు లెక్కెడతావేటి?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అత్తగారు హారతి పళ్లెం నా మొహం దగ్గరికి తెచ్చింది. కళ్లకద్దుకోడానికి వంగినప్పుడు చక్రం వెనక, కమానుపట్టీలు బిగించే చోట, ఇనుప చట్రం మీద కూడా పసుపు పూసి ఉండడం ఓరకంట చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? బావకి ఎంత భక్తి, కనపడని చోట కూడా పసుపు పూశాడు అనుకున్నాను.

విజయనగరం వెళ్లే తారురోడ్డు మీద తోలి చూపించాడు. గేరు మారుస్తుంటే చప్పుడే లేదు, వెన్నలో గరిటె తిప్పినట్టు ఉంది. నా కాలి దగ్గర ఇంకో చిన్న గేరుకర్ర కనపడింది.

"ఇదేటి బావా?"

"అది ముందు సక్రాలది. ఇసకలోనే ఎయ్యాలి. రోడ్డు మీద ఏస్తే పళ్లిరిగిపోతాయి."

ఆ రోజు బావ నోట్లోంచి వచ్చిన నిజం అదొక్కటే.

ఇంటికి తెచ్చిన పదిహేను రోజులకి మా చెల్లెలి పెళ్లి. పెళ్లికొడుకువాళ్లు రైల్లో దిగుతారు. స్టేషను నుంచి పెళ్లికొడుకుని మా జీపులో తెస్తానని నేను ఊరంతా చాటాను. పక్కింటాయన గూడుబండి ఇస్తానంటే, "మా ఇంటి అల్లుడు ఎడ్లబండి ఎక్కుతాడేంటండీ?" అని ఆ పెద్దమనిషి మొహం మీదే అన్నాను. ఆ మాట ఒక్కటి అనకుండా ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

పెళ్లికొడుకు ముందు సీట్లో. వెనక వాళ్ల అమ్మా మేనత్తలూ. గెడ్డలోకి దిగాను. నడిమధ్యకి వచ్చేసరికి వెనక చక్రాలు ఇసక చిమ్మడం మొదలెట్టాయి. నేను దర్జాగా, "ఇప్పుడు చూడండి" అని చిన్న గేరు వేశాను. కర్ర వెళ్లింది. చక్రం కదల్లేదు. మళ్లీ వేశాను. చేత్తో కాదు కదా, కాలితో తన్నినా ముందు చక్రాలు ఆవగింజంత కదల్లేదు. బలంగా తొక్కాను. ఎక్కడో కింద టప్పుమని చప్పుడైంది. జీపు ఎడం మోకాలు మడిచి, పెళ్లికొడుకుతో సహా దణ్ణం పెడుతున్నట్టు ముందుకి ఒరిగింది.

మేనత్తల్ని ఒడ్డుకి దింపాం. పెళ్లికొడుకు మాత్రం జోళ్లు తడుస్తాయని దిగలేదు. వెనకాలే గడ్డిబండి వస్తోంది. ఆ బండి ఎడ్లని విప్పి జీపుకి కట్టారు. గెడ్డ దాటాక విప్పేయమంటే, ఇంజను మళ్లీ లేస్తేగా? అలాగే కోటబొమ్మాళి బజారు మీంచి, ఎడ్లు ముందు నడుస్తుంటే, నేను స్టీరింగు పట్టుకుని, పక్కన పెళ్లికొడుకు బాసికంతో కూర్చుని ఊరేగాం. తమలపాకుల కొట్టు దగ్గర ఎవడో అరిచాడు.

"ఏటి బాబూ, పెట్రోలు బదులు గడ్డేస్తన్నారేటి?"

ఆ సాయంత్రానికి ఊళ్లో జీపుకి పేరు పెట్టేశారు, ఎడ్ల జీపు అని. మర్నాటికి ఆ పేరు జీపు దిగి నా మీదకెక్కింది. పెళ్లివారు కూడా వెళ్లేటప్పుడు, "ఎల్లొస్తాం ఎడ్ల జీపు బావా" అన్నారు.

పెళ్లివారు వెళ్లాక జీపు కింద దూరాను. ఇంజను బలాన్ని ముందు చక్రాలకి అందించాల్సిన షాఫ్టు లేదు. అరిగిపోవడం కాదు, అసలు లేదు. బావ ఎప్పుడో పీకి అమ్ముకున్నాడు. పైన గేరుకర్ర ఒక్కటీ అలంకారానికి వదిలాడు. పసుపు పూసిన చోట చట్రం నిలువునా విరిగింది. లోపల పాత అతుకు కనపడింది.

నేను లేచి, ఒంటికి అంటిన బురదతోనే వంటింట్లోకి వెళ్లి నా భార్యతో చెప్పాను. "మీ అన్న జీపుని ఎడ్లు లాగడం, అదీ వాళ్ల ఊరి సంతలో లాగడం నా కళ్లారా చూసేదాకా ఆ గుమ్మం తొక్కను. నేనూ తొక్కను, నా ఇంటి మనుషులెవరూ తొక్కరు."

ఆమె పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది. "మా అమ్మకి కళ్లు మసకలేసినాయి. అవి పూర్తిగా పోయేలోపు లాగుతాయా ఆ ఎడ్లు?"

నేను బురద కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి కంచం నా ముందు పెట్టేటప్పుడు మాత్రం గచ్చు మీద చప్పుడయ్యేలా పెట్టేది.

బావ సంగతి చెప్పాలా? తప్పు ఒప్పుకోలేదు సరికదా, ఆ యేడు పండక్కి తన చెల్లెలికి పంపే అరిసెల బుట్టతో పాటు పచ్చగడ్డి మోపొకటి రైల్లో వేయించాడు. తెచ్చినాయన పాపం అమాయకుడు. "ఇది జీపుకంట బాబూ" అని నా చేతిలోనే పెట్టాడు. ఆ గడ్డిని నేను పారెయ్యలేదు. పశువులకీ వెయ్యలేదు. పెరట్లో దండెం మీద వేసి ఎండబెట్టాను. కోపం తగ్గుతున్నట్టు అనిపించినప్పుడల్లా వెళ్లి దాన్ని చూసి వచ్చేవాణ్ణి.

జీపుని ఆమదాలవలస స్టేషను దగ్గర ఒక మెకానిక్కు షెడ్డుకి తోలించాను. ఎడ్లతోనే, వేరే దారి లేక. ఆ మెకానిక్కు పెద్ద గొప్పలపోగు, నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. గేరుబాక్సు కింద మర విప్పాడు. నూనెకి బదులు ఉప్పుడుపిండిలాంటిది ముద్దలు ముద్దలుగా జారింది. నూనెలో నానిన రంపంపొట్టు అది. అరిగిన పళ్ల చప్పుడు వినపడకుండా కూరినది. మెకానిక్కు దాన్ని వేళ్లతో నలిపి పకపకా నవ్వాడు.

"మీ బావ సానా బత్తి గలోడు బాబూ. పగులున్న సోటల్లా పసుపెట్టినాడు."

అక్కడే కూర్చుని నేను నేర్చుకున్నాను. ఇప్పుడెవరైనా పాత జీపు కొనడానికి వెళ్తుంటే వినండి. చెప్పకుండా వెళ్లండి, పొద్దున్నే, వాళ్లు స్నానాలు చేసి కాయ కొట్టకముందే. ముందు బానెట్టు మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే దాన్ని బతిమాలి లేపారన్నమాట. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో చూడాలి కానీ లేచిన ఇంజనుని చూడ్డానికి మీరెందుకు? రేడియేటరు మూత తీసి నీళ్లు చూడండి. చేపలపులుసులా పైన నూనె తేలుతుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, వదులు పంటిలా ఆడకూడదు. పాత పంచె ఒకటి తీసుకెళ్లి నేల మీద పరుచుకుని కిందకి దూరండి. గేరుబాక్సు నుంచి వెనక్కొకటి, ముందుకొకటి, రెండు షాఫ్టులుండాలి. లేకపోతే అది రోడ్డు బండే. నూనె పోసే కన్నంలో వేలు పెట్టి నలిపి చూడండి. ఆ తరవాత రోడ్డెక్కకండి, ఏటి ఇసకలోకి దింపమనండి. పసుపు ఉన్న చోటల్లా తువ్వాలు తడిపి తుడవండి. అమ్మవారేం కోప్పడదు.

ఇదంతా నేర్చుకున్నాక నాకు మంచి జీపు కొనాలనిపించలేదు. ఇదే జీపుని మళ్లీ బావకే అంటగట్టాలనిపించింది.

మెకానిక్కుకి ఆ మాట చెబితే పండగ చేసుకున్నాడు. విరిగిన చట్రాన్ని మళ్లీ పైపైన అతికాడు. గేరుబాక్సులో కొత్త రంపంపొట్టు, సన్నంగా జల్లించి మరీ కూరాడు. షాఫ్టు లేని చోటుని అలాగే ఉంచాం, గేరుకర్రకి మాత్రం కొత్త బొడిపె పెట్టాం. ఆకుపచ్చ రంగు గీకి నీలం రంగు వేశాం. పువ్వుల రెక్సిను తీసి నల్లది తొడిగాం. ఈ పనులన్నీ చేయిస్తున్నప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్లిరోజున కూడా కలగలేదు. ఇంటికి వచ్చి ఈ సంగతులన్నీ నా భార్యకి ఉన్నవున్నట్టు చెప్పేవాణ్ణి, ఆమె అన్నగారు కదా, ఉడుక్కోవాలని. ఆమె బియ్యం చెరుగుతూ వినేది.

జీపు తనదేనని, అమ్మకానికుందని మెకానిక్కు బావకి కబురంపాడు. బేరం విజయనగరంలో, అతని చుట్టాల ఇంటి వాకిట్లో. నేను ఎదురుగా టీకొట్లో తువ్వాలు తలకి చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. జీపుకి దండ, నిమ్మకాయలు, అరచేతి మందాన పసుపు. చట్రం అతుకు మీద పసుపు నేనే నా చేతులతో పూశాను. బావ రిక్షా దిగి రెండడుగులు వేశాడో లేదో మెకానిక్కు టప్పుమని కాయ కొట్టాడు.

బావ జీపు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. పసుపు వైపు చూశాడు. ముందు చక్రం దగ్గర ఒక్కక్షణం ఆగాడు. వంగుతాడనుకున్నాను. వంగలేదు. గేరుకర్ర బొడిపెని వేలితో తట్టి, "కాయ కొట్టీసినాక ఇంకేటుంది, అలగే కానీ" అన్నాడు.

ఎంతోమందిని ఆ పసుపుతో పడేసినవాడు తనే పడ్డాడు! టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు. అది పగిలిందని కొట్టువాడు అరిచాక తెలిసింది.

ఆ వారం సంతరోజున గజపతినగరం వెళ్లాను. బావ ఇంటి నుంచి సంతకి రావాలంటే చంపావతి ఏటి ఇసక దాటాలి. బావ కొత్త బండిని ఆ దారినే తెస్తాడని మెకానిక్కు కనుక్కుని చెప్పాడు. బెల్లం దిమ్మలు అమ్మేచోట నిలబడ్డాను. ఎండ ఎక్కాక గంటల చప్పుడు వినపడింది. జోడు ఎడ్లు, కొమ్ములకి రంగులు, మెడల్లో మువ్వలు. వాటి వెనక నీలం జీపు. జీపులో స్టీరింగు పట్టుకుని మా బావ! సంత మొత్తం నవ్వింది. నేను బెల్లం దిమ్మ మీదకెక్కి, గొంతు చించుకుని, "ఎడ్ల జీపు! ఎడ్ల జీపు వస్తన్నాది, దారియ్యండి!" అని అరిచాను. బావ తల నేలకేశాడు. కూరగాయల వరస నుంచి పశువుల వరస దాకా ఆయన వెనకే నడిచి అరుస్తూనే ఉన్నాను. అంత తీపి నేను మళ్లీ తినలేదు.

ఇక్కడిదాకా రాశాక కొంచెం సర్దాలి.

బెల్లం దిమ్మ మీదకి ఎక్కలేదు. ఎక్కితే ఆ అమ్మే ఆవిడ ఊరుకుంటుందా? అరిచానన్నది కూడా పూర్తి నిజం కాదు. నోరు తెరిచాను, మాట రాలేదు, దగ్గొచ్చింది. బావ తల దించుకోలేదు. నన్ను చూసి జీపు ఆపించాడు. "ఏటి బావా, ఎండలో నిలబడ్డావు? ఎక్కు, ఇంటికెల్లి బోంచేద్దాం" అన్నాడు. ఎక్కాను. పగ తీరింది కదా, భోజనానికేం? అలా సంతలో మిగతా సగం నేనూ ఎడ్ల జీపులోనే ఊరేగాను.

మొదట రాసిన గొప్పలు కూడా సర్దాలి. జిల్లా అంతా నన్ను పిలవడమేమీ లేదు. నా బతుకులో నేను కొన్న జీపు అదొక్కటి. తరవాత ఇద్దరు ముగ్గురు సలహా అడిగారు. ఒకాయనకి వద్దని చెప్పిన జీపు ఇరవై యేళ్లు తిరిగింది. గోనెపట్టాలు కప్పినాయన వానొస్తోందని కప్పాడు.

కానీ పగ మాత్రం నిజం. అది నేనే తలపెట్టాను, నేనే తీర్చాను. బావని ఆయన పసుపుతోనే పడగొట్టాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఇక నువ్వు పుట్టింటికి వెళ్లొచ్చని నా భార్యతో చెబుదామని గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆమె ట్రంకుపెట్టె సర్దుకుని, తలలో పూలు పెట్టుకుని ఉంది. నా మొహంలో గెలుపు చూసి కనిపెట్టేసి ఉంటుంది. మా అత్తగారు అప్పటికి కూతురి మొహం గుర్తుపట్టగలుగుతూనే ఉంది.

ఇది మొన్న నా భార్యకి చదివి వినిపించాను. ఆమె మునగాకు దూస్తోంది. గడ్డిమోపు దగ్గర నవ్వింది. సంత దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక, "బాగుందా?" అని అడిగాను.

"అన్నియ్య వంగి సూడలేదన్నావు."

"అవును. కాయ కొట్టాక ఎలా చూస్తాడు?"

"ఎందుకు సూస్తాడయ్యా? ఆ షాఫ్టు పీకింది ఆడే కదా. ఆ సట్రం మొదట అతికించింది ఆడే కదా. నువ్వు నీలం రంగేస్తే ఆడి బండి ఆడికి తెల్దేటి?"

"తెలిస్తే ఎందుకు కొంటాడు?"

"నాను కొనమన్నాను. నువ్వు వచ్చి రోజూ సెప్పిందల్లా రైల్లో ఎల్లే మా పిన్నితో కబురెట్టీసేదాన్ని."

నేను కాగితాలు మడవబోయాను. ఆమె ఆకు దూయడం ఆపలేదు.

"మరి ఆ ఎడ్లు? ఇసకలో దిగబడితే దారిన పోయేవాళ్లవి కట్టారు కదా!"

"దారిన పోయే ఎడ్లకి కొమ్ములకి రంగులుంటాయేటి? అయి మా ఇంటి ఎడ్లు. మువ్వలు కట్టింది మా అమ్మ. ఆ బండి ఇసకలోకి దిగనే లేదు. పొద్దున్నే వాకిట్లోనే ఎడ్లు కట్టీసి, నువ్వు రైలు దిగేదాకా ఆగి, సంతకి తోలుకొచ్చినాడు."

"మీ అన్న, అంత పరువుగల మనిషి, సంతలో అందరి ముందూ... ఎందుకూ?"

ఆమె మునగాకు బుట్ట పక్కకి జరిపి నా వైపు చూసింది.

"మరి నాను పుట్టింటికి ఎల్లొద్దేటి?"